ఆయన చెయ్యి, నా స్టెతస్కోపు

ముందే చెప్పేస్తున్నాను, ఇది కుళ్లుతో రాస్తున్న జ్ఞాపకం. పశువైద్య శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు "మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఒకటి రాయండి మేడం" అని అడిగారు. రాద్దామని కూర్చుంటే ఒక ఒంగోలు గిత్త గుర్తొచ్చింది. గిత్త గుర్తొస్తే దాని పక్కన నిలబడ్డ ఆయన కూడా గుర్తొస్తాడు, తప్పదు. రిటైరయి ఇంట్లో కూర్చున్నాను, మోకాళ్లకి తైలం రాసుకుంటున్నాను, అయినా ఆయన పేరు ఎవరైనా ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. వయసు మీద పడితే ఇలాంటివి తగ్గుతాయంటారు. నాకు తగ్గలేదు, తగ్గించుకోవాలని పెద్దగా ప్రయత్నించనూ లేదు.

ఆయనెవరో చెప్పాలి కదా. నా బ్యాచ్‌మేట్. వెటర్నరీ కాలేజీలో ఇద్దరం ఒకే క్లాసు. ఊళ్లల్లో అందరూ "ఆయన" అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను గానీ, ఎదురుపడితే నువ్వనే అంటాను. ఆయన నన్ను "తల్లీ" అంటాడు. పని పడినప్పుడు ఆ పిలుపు ఇంకాస్త తియ్యగా ఉంటుంది.

కాలేజీలో నాకు శ్వాసక్రియ పాఠం అంటే ప్రాణం. వానపాముకి ఊపిరితిత్తులే ఉండవు, తడి చర్మంతోనే పని కానిచ్చేస్తుంది. చేపకి మొప్పలు. బొద్దింకకి ఒంటి పక్కన చిన్న చిన్న చిల్లులు, లోపలంతా సన్నటి గొట్టాలు. పక్షికి ఊపిరితిత్తులు చాలవన్నట్టు గాలి సంచులు కూడా. ఎవరి తంటా వాళ్లది గానీ అందరిదీ ఒకటే బేరం, లోపలి చెడుగాలి ఇచ్చేసి బయటి మంచిగాలి పుచ్చుకోవడం. ఆ బేరం కుదరాలంటే మధ్యలో గోడ ఉల్లిపొరకన్నా పల్చగా ఉండాలి, తడిగా ఉండాలి, గోడకి అవతల రక్తం పారుతూ ఉండాలి. ఇదంతా నాకు నోటికి వచ్చు. ఆయనకి రాదు.

వైవా రోజున వరండాలో నా పక్కన చేరాడు. "ఒక్కసారి చెప్పు తల్లీ, బొద్దింక దగ్గర్నుంచి ఎద్దు దాకా" అన్నాడు. చెప్పాను. నాకంటే ముందు లోపలికి వెళ్లి, నా మాటలే నవ్వుతూ అప్పజెప్పాడు. ఎగ్జామినరు గారు ఆయన భుజం తట్టి పంపించారు. తర్వాత నేను వెళ్లి అవే మాటలు చెబితే, "ఊఁ, ఇందాకే విన్నాం, ఇంకేమైనా కొత్తగా చెప్పమ్మా" అన్నారు. మార్కులు ఆయనకే ఎక్కువ వచ్చాయి. నా కుళ్లుకి అక్కడ మొదటి విత్తనం పడింది.

స్టెతస్కోపంటే ఆయనకి అసలు ఓపిక ఉండేది కాదు. "ఏముంది దాన్లో, గుడగుడ తప్ప" అనేవాడు. మెడలో వేసుకుని తిరగడం మాత్రం బాగా ఇష్టం. ఉద్యోగంలో చేరాక మెడలోంచి తీసి మోటారు సైకిలు అద్దానికి తగిలించాడు. దాన్ని చూసే డాక్టరు గారొస్తున్నారని పొలాల్లో వాళ్లు గుర్తుపట్టేవారు.

ఎక్కడెక్కడో తిరిగి తిరిగి, సర్వీసు చివర్లో ఇద్దరికీ పక్కపక్క మండలాలు పడ్డాయి. గుంటూరు జిల్లా అయిపోయి ప్రకాశం మొదలయ్యే చోటు. మిర్చి, పత్తి, మధ్యమధ్యలో పొగాకు. నేను వెళ్లేసరికే ఆయన అక్కడ పాతుకుపోయి ఉన్నాడు. ఆయన హస్తవాసి మంచిదని చుట్టుపక్కల గట్టి పేరు. మనవైపు రైతు డాక్టరు మార్కులు అడగడు, చెయ్యి ఎలాంటిదో అడుగుతాడు. ఆయన చేత్తో సూది వేస్తే జ్వరం దిగుతుందట. ఆయన ఎద సూది వేస్తే చూలు నిలుస్తుందట. ఆయన పశువు వీపు మీద చెయ్యేస్తే అది నెమరు మొదలుపెడుతుందట. నేను రాసే మందే ఆయనా రాస్తాడు, కంపెనీ కూడా అదే. అయినా నా ఆసుపత్రి గేటు ముందు నుంచే ట్రాలీ ఆటోల్లో గేదెల్ని ఎక్కించుకుని ఆయన దగ్గరికి పోయేవాళ్లు. పోతూ పోతూ నాకు నమస్కారం కూడా పెట్టేవాళ్లు.

మా అటెండరు నా మనిషే. నా టీ, టిఫిను, సైను చేయాల్సిన కాగితాలు అన్నీ చూసుకునే మనిషి. వాళ్లింట్లో గేదె ఎదకొస్తే సెలవు పెట్టి మరీ ఆయన దగ్గరికి తోలుకెళ్లాడు. తర్వాత నాకు తెలిసి అడిగాను.

"మీ చెయ్యి మంచిది కాదని కాదు మేడం. ఆయన చెయ్యి ఇంకాస్త మంచిది" అన్నాడు.

ఒకసారి డివిజను మీటింగులో ఆయన పక్కన కూర్చోవాల్సి వచ్చింది. పైఆఫీసరు గాలికుంటు టీకాల గురించి చెప్తుంటే నేను ఆయన కుడిచేతినే చూస్తూ కూర్చున్నాను. మామూలు చెయ్యి. పొట్టి వేళ్లు, గోళ్లలో మట్టి, బొటనవేలి మీద పాత గాటు. టీలో బిస్కెట్టు ముంచితే సగం విరిగి గ్లాసులో పడిపోయింది. దీన్లో ఏముందని జనం చస్తున్నారో నాకు అంతుపట్టలేదు. ఇంటికొచ్చి లైటు కింద నా చెయ్యి కూడా చూసుకున్నాను.

ఇక గిత్త సంగతి.

మిర్చి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. ఒక రైతు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. బండలాగుడు పందేల్లో వాళ్ల ఎడ్ల జతకి మంచి పేరు. ఆరు పళ్ల వయసు విభాగంలో ఆ జత దిగుతోందంటే కనిగిరి వైపు నుంచి కూడా చూడ్డానికి వచ్చేవాళ్లు. "సార్ ఏదో ట్రైనింగుకి ఎల్లారంట మేడం గారూ, ఫోను ఎత్తట్లేదు. మీరు ఒకసారి వచ్చి చూసి పోతారా" అన్నాడు రైతు. రెండో ఎంపికనని ఇంత మర్యాదగా ఎవరూ చెప్పి ఉండరు. వెళ్లాను.

ఇంటి ముందంతా కల్లం. ఎర్రగా పరిచిన కాయల్ని రైతు భార్య ముక్కుకి పైటకొంగు కట్టుకుని తిరగేస్తోంది. గేటు దాటగానే నాకు దగ్గు తెర వచ్చింది. ఆమె దగ్గింది. రైతు దగ్గాడు. పాకలోంచి గిత్త కూడా దగ్గింది. మిగతా ముగ్గురం నవ్వుకున్నాం గానీ, దాని దగ్గు వేరే దగ్గని నాకు వినగానే తెలిసింది.

పాకలోకి వెళ్లి చూశాను. తెల్లటి గిత్త, గంగడోలు నేలకి వేలాడుతోంది, కొమ్ములకి పసుపు. మెడ ముందుకి చాపి, ముందరికాళ్లు ఎడంగా పెట్టి నిలబడి ఉంది. పడుకోవడం లేదట. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. ముక్కు దగ్గర వంగి వాసన చూస్తే కుళ్లిన గుడ్డు వాసన కొట్టింది.

"ఎన్నాళ్ల నుంచి ఈ దగ్గు?" అన్నాను.

"కల్లం మొదలైన కాడ్నించీ అందరం దగ్గుతానే ఉన్నాం గదమ్మా. దానికీ ఘాటు పట్టింది" అన్నాడు రైతు.

"దీనికి ఏం పోస్తున్నారు?"

"పందెం గిత్త గదండీ. గుడ్లు, పాలు, ఉలవకట్టు. వెదురు గొట్టంతో పోస్తాం."

"తల పైకెత్తి, నాలుక బయటికి లాగి పట్టుకుని?"

"అట్టా పట్టుకోకపోతే మింగదు గదమ్మా" అన్నాడు, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

అట్టా పట్టుకుంటేనే మింగలేదు. మీలో ఎవరైనా నాలుక బయటికి లాగి పట్టుకుని ఒక గుక్క నీళ్లు మింగి చూడండి, తెలుస్తుంది. కడుపులోకి పోవాల్సింది గాలిగొట్టంలోకి దారి తప్పుతుంది. అసలే ఎద్దుకి అంత ఒంటికి తగ్గ ఊపిరితిత్తులు ఉండవు. గుర్రంతో పోలిస్తే చాలా చిన్నవి, అవసరానికి మించి మిగులు ఏమీ ఉండదు. స్టెతస్కోపు పెట్టి పైనుంచి కిందికి వింటూ వచ్చాను. ఎడమవైపు ఫరవాలేదు. కుడివైపు పైన గరగర. కింద, ముందరికాలి మోచిప్ప వెనక, ఏమీ లేదు. గోడకి చెవి పెట్టినట్టు ఉంది. అక్కడ గాలికీ రక్తానికీ బేరం ఆగిపోయింది.

రైతుకి విడమర్చి చెప్పాను. లోపల ద్రాక్షగుత్తుల్లాంటి చిన్న చిన్న బుడగలు ఉంటాయనీ, వాటి పల్చటి గోడల్లోంచే గాలి రక్తంలోకి దిగుతుందనీ, ఆ బుడగల్లో గుడ్డుసొన నిండిపోయి కుళ్లుతోందనీ చెప్పాను. ముక్కుకి తడిగుడ్డ గట్టిగా చుట్టి ఊపిరి పీల్చమంటే మీకెలా ఉంటుందో దానికి అలా ఉందన్నాను. మేత నేల మీద వెయ్యండి, తల దించి తింటే లోపలిది బయటికి కారుతుంది, నోట్లోకి మాత్రం చుక్క కూడా పొయ్యొద్దు అన్నాను. కల్లానికి దూరంగా, వేపచెట్టు నీడకి కట్టెయ్యమన్నాను. సూదులు వేశాను.

"సరేనమ్మా" అన్నాడు.

డాక్టర్లుగా మీరు ఈ "సరేనమ్మా"ని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఒకోసారి దాని అర్థం, మీరు తొందరగా వెళ్లిపోతే మా పని మేం చూసుకుంటాం అని.

మర్నాడు వెళితే గిత్త ఇంకా దిగజారింది. ముక్కు పుటాలు పెద్దవయ్యాయి, నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. మూతి చుట్టూ జిడ్డు. వేలితో తీసి వాసన చూశాను, వెన్న కాచిన నెయ్యి. పాక చూరులో వెదురు గొట్టం ఉంది, దాని చివర కూడా జిడ్డే.

"నెయ్యి పోశారా?"

రైతు తల గోక్కున్నాడు. భార్యే జవాబు చెప్పింది. "గుడ్లు పొయ్యలేదమ్మా, మీరు వద్దన్నారని. నెయ్యి చల్వ గదా. ఏటా కాయల ఘాటుకి మేం తాగేది కూడా అదే. దగ్గు ఆగకపోతే రాత్రి పోశాం, పొద్దున పోశాం."

ఆ ఊళ్లో తప్ప ఇంకెక్కడా ఎవరూ ఈ పొరపాటు చెయ్యరనుకుంటా. కల్లాల కాలంలో ఊరు ఊరంతా దగ్గుతుంది కాబట్టి దగ్గంటే వాళ్లకి జబ్బు కాదు. ఘాటుకి నెయ్యి మందు. ఆమె తన ఇంట్లో మనిషికి చేసే వైద్యమే గిత్తకి చేసింది. దాని మెడ నిమురుతూ కళ్లనీళ్లు పెట్టుకుంటూ చేసింది. ఆ నెయ్యి తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోయి మిగిలిన బుడగల్ని కూడా మూసేస్తోంది.

మళ్లీ చెప్పాను. ఈసారి గొంతు పెంచి చెప్పాను. ఇంకొక్కసారి పోస్తే ఊపిరాడక చస్తుందని కూడా అన్నాను. రైతు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"మీ మీద నమ్మకం లేక కాదు డాక్టరమ్మా. మందు మీరే రాయండి, మీరేది చెబితే అది కొనుక్కొస్తా. సూది మాత్రం ఆయన వచ్చాక ఆయన చేత్తో వేయిస్తా. నెయ్యి ఆపమని కూడా ఆయన ఒక్కమాట అంటే ఆపేస్తా. దీని జోడీది దీన్ని చూసి మేత ముట్టట్లేదు. నా రెండు కళ్లూ పోయినట్టుంది" అన్నాడు.

బయటికొచ్చి స్కూటీ దగ్గర నిలబడ్డాను. ఎండ మాడ్చేస్తోంది. గిత్త బతకాలంటే నెయ్యి ఆగాలి. నెయ్యి ఆగాలంటే నా మాట చాలదు, ఆయన మాట కావాలి. అంతవరకూ లెక్క తేలిగ్గానే ఉంది. ఆ ఫోను నేను చెయ్యాలన్నదే మింగుడు పడలేదు. ఇన్నేళ్లలో ఒక్క కేసుకి కూడా ఆయన్ని సలహా అడగలేదు. ఇప్పుడు అడగబోయేది సలహా కూడా కాదు. జబ్బేమిటో తెలుసు, మందేమిటో తెలుసు, రైతుకి కావలసింది ఆయన పొట్టి వేళ్లు. పాకలోంచి గిత్త ఊపిరి చప్పుడు రోడ్డు దాకా వినిపిస్తోంది. ఇంకాసేపు అక్కడే నిలబడితే అది కూడా ఆగిపోతుందేమో అనిపించింది.

ఫోను చేశాను. భోజనాల వేళ, ఎత్తాడు.

"ఏంటి తల్లీ, దారి తప్పి ఫోను చేశావు?"

"నీ చెయ్యి ఒకసారి అరువియ్యి" అన్నాను.

నేను సంగతి చెప్పాను. "దానికేం భాగ్యం, ఫోన్లో చెప్తాను వాడికి" అన్నాడు.

"ఫోన్లో ఇప్పుడు చెప్పు, నువ్వొచ్చేదాకా ఏమీ పొయ్యొద్దని. కానీ నువ్వు రావాలి. నీ నోరొక్కటే చాలదు వాళ్లకి."

మర్నాడు పొద్దున్నే వచ్చాడు, ట్రైనింగు ఎగ్గొట్టి. మోటారు సైకిలు అద్దానికి స్టెతస్కోపు ఊగుతోంది. అది కనిపించగానే రైతు భార్య ఎదురెళ్లింది. నిన్నటిదాకా ఏడుపు ముఖంతో ఉన్న మనిషి, మజ్జిగ గ్లాసుతో ఎదురెళ్లింది. నాకు రెండు రోజుల్లో మంచినీళ్లు కూడా ఇవ్వలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆయన నన్ను కళ్లతోనే పక్కకి పిలిచాడు. మిర్చి తొక్కి కుట్టిన టిక్కీలు, అదే బస్తాలు, ఎత్తుగా పేర్చి ఉన్నాయి. వాటి చాటున నిలబడ్డాం. "చెప్పు తల్లీ" అన్నాడు మెల్లిగా. వైవా వరండా నా కళ్ల ముందు కదిలింది. కుడి ఊపిరితిత్తి కింది భాగం పోయిందని, ఏ మందు ఎంత వేస్తున్నానని, ఏం పొయ్యకూడదని అంతా చెప్పాను. ఘాటుకి ఇద్దరం దగ్గుతూనే ఉన్నాం. ఆయన బుద్ధిగా తలాడిస్తూ విన్నాడు.

పాకలోకి వెళ్లి గిత్త నుదురు మీద చెయ్యేశాడు. "ఏరా, నీ ఊపిరిలో నెయ్యి పోశారంటరా నీ వాళ్లు" అన్నాడు. తర్వాత రైతు వైపు తిరిగి నా మాటలు ఒక్కటి పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ద్రాక్షగుత్తి కూడా వదల్లేదు. చివర్లో మాత్రం తన సొంత మాట ఒకటి కలిపాడు.

"ఇక దీని నోట్లో చుక్క పోశావని తెలిస్తే, మళ్లీ నీ గడప తొక్కను."

రైతు భార్య చూరులోంచి గొట్టం లాగి, ఉలవలు ఉడుకుతున్న పొయ్యిలో పెట్టేసింది. నేను రెండు రోజులు బుడగలూ గోడలూ అంటూ గొంతు చించుకున్నాను. ఆయన రానని బెదిరించాడు, పనైపోయింది. ఆ మాట నాకెందుకు తట్టలేదా అని ముందు కుళ్లుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, నేను రానని అని ఉంటే వాళ్లు "సరేనమ్మా" అని ఉండేవాళ్లు.

సూదిలోకి మందు నేను ఎక్కించి ఇచ్చాను, ఆయన పొడిచాడు. అంతటితో అయిపోలేదు. ఆయన రోజూ రాలేడు కదా, మిగతా రోజుల మాటేమిటని రైతుకి అనుమానం. సంచిలోంచి మందు సీసాలన్నీ తీసి వరసగా అరుగు మీద పెట్టాడు. "ఒకసారి అన్నీ మీ చేత్తో ముట్టండి సార్, ఇక అమ్మగారు వేసుకుంటారు" అన్నాడు. ఆయన నావైపు చూడకుండా ఒక్కొక్క సీసా ముట్టాడు. చిరునవ్వు ఆపుకుంటున్నాడని చెంపలు చూస్తేనే తెలుస్తోంది. నేను వేపచెట్టు కేసి చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత రోజూ వెళ్లి ఆ ముట్టిన సీసాల్లో మందే వేశాను. జ్వరం దిగింది. మేత కాస్త కొరికింది. ఒకరోజు పడుకుంది కూడా, దాన్ని చూసి రైతు ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. రోజూ కుడివైపు కింద స్టెతస్కోపు పెట్టేదాన్ని. అక్కడ మాత్రం అదే గోడ. లోపల చీము గూడు కట్టిందా, లేక మెల్లిగా కరుగుతోందా తెలియదు. చీము గూడు కడితే ఈ మేత, ఈ పడుకోవడం నాలుగు రోజుల ముచ్చటే. ఆ సంగతి రైతుకి చెప్పబోతే, "ఆయన చెయ్యి పడిందిగా అమ్మా, ఇక ఢోకా లేదు" అన్నాడు.

ఇంతలో ఊరి తిరునాళ్ల వచ్చింది. బండలాగుడు పందేలు. చీమకుర్తి నుంచి కొత్త బండ లారీలో దించారు. మా రైతు జత దిగలేదు, ఆయన మాత్రం ముఖ్య అతిథి. నన్నూ పిలిచారు, ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. పందేలు మొదలయ్యే ముందు మైకులో ఆయన పేరు చదివి, చావు నోట్లోంచి గిత్తని లాక్కొచ్చిన హస్తమని పొగిడి, శాలువా కప్పారు. జనం ఈలలు వేశారు. గండం గడిచిందో లేదో నాకే తెలియని గిత్త పేరు మీద సన్మానం జరిగిపోయింది.

ఆయన మైకు అందుకుని, "ఈ కేసులో మా మేడం కూడా చాలా శ్రమపడ్డారు" అన్నాడు. జనం మర్యాదకి చప్పట్లు కొట్టారు. ఆయన మంచికే అన్నాడని నాకు తెలుసు. అయినా ఆ "కూడా" ఉంది చూశారూ, అది ఇప్పటికీ అన్నం తినేటప్పుడు గుర్తొస్తే ముద్ద దిగదు.

సాయంత్రం బండ చివరి జత కూడా లాగేశాక, రైతు మా ఇద్దర్నీ ఇంటికి పట్టుకెళ్లాడు. "ఒకసారి చూసి, వచ్చే ఏడు ఇది బండ లాగుద్దో లేదో ఒక్కమాట చెప్పండి సార్" అన్నాడు. సార్ అన్నాడని గమనించండి. గిత్త వేపచెట్టు కింద నేల మీది మేత తింటోంది. ఆయన శాలువా మడిచి భుజాన వేసుకుని దాని నుదురు నిమురుతూ నిలబడ్డాడు. నేను అలవాటు ప్రకారం కుడివైపు వంగి, మోచిప్ప వెనక స్టెతస్కోపు పెట్టాను.

ఊపిరి బిగబట్టి విన్నాను. నా ఊపిరి బిగబట్టానంటున్నాను, గిత్తది కాదు. గోడ లేదు. అక్కడ గాలి వస్తోంది, పోతోంది. కాస్త పైకి జరిపాను, ఉంది. కిందికి జరిపాను, అక్కడా ఉంది. మూసుకుపోయిన బుడగలు ఒక్కొక్కటే తెరుచుకుని, బేరం మళ్లీ మొదలైంది. కాలేజీలో రాసి, వరండాలో చెప్పి, రైతు ముందు గొంతు చించుకున్న పాఠం అంతా నా రెండు చెవుల్లో నడుస్తోంది. నాకు ఏడుపొచ్చింది. మిర్చి ఘాటనుకున్నారు అందరూ.

"ఏమైంది?" అన్నాడు ఆయన. నా ముఖం చూసి కంగారుపడ్డాడు.

నేను ఇంకా వింటున్నాను.

"బాగానే ఉందా? ఏదీ, నన్నొకసారి విననీ" అని ఇటువైపు వచ్చి చెయ్యి చాపాడు. ఊరంతా కళ్లకద్దుకునే చెయ్యి నా ముందు చాపి ఉంది.

"నీదేదీ?" అన్నాను.

"బండికి ఉంది."

"తెచ్చుకో."

ఆయన గొంతు బాగా తగ్గించాడు. "దాని బిళ్ల మీది పొర చిరిగిపోయి చాన్నాళ్లయింది తల్లీ. ఒక్కసారి ఇవ్వు. వాళ్లు ఎదురుచూస్తున్నారు."

నేను మళ్లీ వంగి వినడం మొదలుపెట్టాను.

"ఏమంటారు సార్?" అన్నాడు రైతు. ఆయన నావైపు చూశాడు. తలూపాను, అంతమాత్రం ఇచ్చాను. "గండం గడిచింది, వచ్చే ఏడు లాగుద్ది" అన్నాడు ఆయన. రైతు వచ్చి ఆ చేతిని రెండు చేతుల్తో పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. భార్య గిత్త మెడ కావలించుకుని ఏడ్చింది. శాలువా, చప్పట్లు, కళ్లకద్దుకోవడం అన్నీ ఆయనకే పోయాయి. స్టెతస్కోపు మాత్రం నా చెవుల్లోంచి తియ్యలేదు.

ఆ గిత్త మరుసటి ఏడు బండ లాగింది. మేమిద్దరం ఒకే ఏడు రిటైరయ్యాం. ఆయన పండక్కీ పబ్బానికీ ఫోను చేస్తాడు, పిల్లల గురించి, షుగరు గురించి మాట్లాడతాడు. పెట్టేసే ముందు ప్రతిసారీ అడుగుతాడు. "తల్లీ, ఆ రోజు ఏం వినిపించింది? ఎలా ఉంటుంది ఆ చప్పుడు?" సర్వీసంతా పశువుల మధ్య గడిపిన మనిషి, కుళ్లిన ఊపిరితిత్తిలోకి గాలి తిరిగొస్తే ఎలా వినిపిస్తుందో ఒక్కసారి కూడా వినలేదు. నాకు అది తెలుసని ఆయనకి కుళ్లు. వినడానికి హాయిగా ఉంటుంది ఆ ప్రశ్న. చెప్పను.

ఇది అచ్చయితే ఆయన తప్పకుండా చదువుతాడు. నా మాటలు పట్టుకుని ఏ సభలోనో ద్రాక్షగుత్తితో సహా అప్పజెప్పేస్తాడు. అందుకే ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఇక్కడ కూడా రాయడం లేదు. పిల్లలూ, పొర చిరగని స్టెతస్కోపు ఒకటి కొనుక్కోండి. కోలుకుంటున్న గిత్త ఏదైనా దొరికితే కుడివైపు వంగి, మోచిప్ప వెనక పెట్టి, మీ ఊపిరి బిగబట్టి వినండి. విన్నాక ఆయనకి మాత్రం చెప్పకండి.